నోట్సు ఫోటోలను అక్షరాలుగా మార్చుకున్న నా అనుభవం

తరగతుల్లో చేత్తో రాసుకున్న నోట్సు 92 పేజీలు ఉంది. ఫోటోలు ఎప్పుడో తీసి ఉంచుకున్నాను కనుక, వాటిని కంప్యూటర్‌లో దిద్దుకునే వీలున్న ఫైలుగా మార్చడం ఒక పూట పని అనుకున్నాను. మూడు వారాలు పట్టింది.

మొదట ఆ ఫోటోలను ఉన్నవి ఉన్నట్టే గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, గూగుల్ డాక్స్‌తో తెరిచాను. బొమ్మ కింద అక్షరాలు వచ్చాయి గాని, సగం వాక్యాలకు తలా తోకా లేదు. తప్పు చాలావరకు ఫోటోలదే: పుస్తకం మడత దగ్గర వరుసలు వంగాయి, ఒక మూల నా చేతి నీడ పడింది. తెలుగులో గుడులు అక్షరం పైన, వత్తులు కింద ఉంటాయి కాబట్టి, ఇరుకుగా రాసిన చోట పై వరుస వత్తు కింది వరుస గుడికి తగులుతుంది. వరుస వంగితే ఏది ఎవరిదో యంత్రానికి తెలియదు. పేజీలన్నిటినీ మళ్లీ 300 డీపీఐలో (అంటే అంగుళానికి 300 చుక్కల స్పష్టతతో) స్కాన్ చేశాక ఫలితం బాగా మెరుగుపడింది. నోట్సులో అంటించుకున్న అచ్చు కాగితాలను మాత్రం టెస్సెరాక్ట్‌కు అప్పగించాను. 2005 నుంచి అందరికీ ఉచితంగా అందుబాటులో ఉన్న ఈ సాఫ్ట్‌వేర్ తెలుగు అచ్చును చక్కగానే చదువుతుంది. చేతిరాత దాని పని కాదు.

మిగిలిన మొండి పేజీలను, ఫోటో చూసి రాసిపెట్టే ఒక కృత్రిమ మేధ సాధనానికి ఇచ్చాను. వచ్చిన పాఠం ఎంత శుభ్రంగా ఉందంటే, దిద్దవలసిన పని లేదనిపించింది. నిజానికి నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది ఇదే. పాత పద్ధతిలో వచ్చే తప్పు వికారంగా కనబడి తానే పట్టుబడుతుంది. ఇందులో తప్పు సైతం మంచి తెలుగులో ఉంటుంది. నేను 'అర్థం' అని రాసుకున్న రెండు చోట్ల 'అర్ధం' అని పడింది. థకారంలోని చుక్క స్కానులో పోయింది. రెండూ సరైన మాటలే గనుక స్పెల్ చెక్ కిమ్మనలేదు. కొట్టివేసిన ఒక వాక్యం గీత లేకుండా మామూలు వాక్యమై కూర్చుంది. అన్నిటికంటే విడ్డూరం 17వ పేజీలో జరిగింది: ఉపన్యాసంలో వినబడని ఒక మాటకు నేను వదిలిన ఖాళీని, ఆ సాధనం తనకు తోచిన మాటతో పూరించింది.

అప్పటి నుంచి, స్పష్టంగా లేని చోట ఊహించవద్దని, మూడు ప్రశ్నార్థకాలు పెట్టి వదిలేయమని ముందే చెప్పి, ఒక్కొక్క పేజీనే ఇచ్చాను. అప్పుడు కూడా అడపాదడపా ఊహిస్తూనే ఉంది. అందుచేత తెర మీద ఎడమ పక్క స్కాను, కుడి పక్క పాఠం పెట్టుకుని, పైకి చదువుతూ ఒక్కొక్క వరుసనూ సరిచూశాను. మూడు వారాల్లో రెండు దీనికే పోయాయి. 17వ పేజీలోని మాట చివరకు తోటి విద్యార్థి నోట్సులో దొరికింది. యంత్రం పెట్టిన మాట అది కాదు.