భీమిలి దగ్గర మా షార్ట్ ఫిల్మ్: లొకేషన్ ఫిక్స్, సగం షూట్ అయింది

కథ చిన్నదే, కల్లు గీసే తండ్రి, ఊరొదిలి వెళ్తున్న కూతురు. అందరూ ముందు అన్నది ఎర్రమట్టి దిబ్బలే. చూడ్డానికి అదిరిపోతాయి, కాదనను, కానీ అది జీఎస్ఐ (కేంద్ర భూగర్భ సర్వే సంస్థ) గుర్తించిన జియో హెరిటేజ్ సైట్, అంటే కాపాడుకోవాల్సిన భూగర్భ వారసత్వం, ఆ ఇసుక వాన నీళ్ళకే కోసుకుపోతుంది, దాని మీద పదిమందిమి ట్రైపాడ్లు వేసుకుని తొక్కడం నాకైతే నచ్చలేదు. అందుకే కాస్త ఇవతల, తాటిచెట్లున్న ఒక జీడితోట చూసుకున్నాం. తోట తాత డబ్బులొద్దన్నాడు, "ఎక్కడైనా తీసుకోండి గానీ పూత మీదున్న కొమ్మ మాత్రం ముట్టుకోకండ్రా బాబూ" అని ఒకటే కండిషన్.

లొకేషన్‌ని కళ్ళతో కాదు, చెవులతో చూడాలని మా సౌండ్ వాడు మొదట్నుంచీ మొత్తుకుంటున్నాడు. వాడన్నదే కరెక్ట్. పొద్దెక్కి సముద్రం గాలి మొదలైతే చాలు, చెట్టుకి వేలాడే ఎండు తాటాకులు ఒకదానికొకటి రాసుకుని టపటపా కొట్టుకుంటాయి, డైలాగ్ మధ్యలో ఎవరో చప్పట్లు కొడుతున్నట్టే ఉంటుంది, మైక్‌కి బొచ్చు తొడుగు వేసినా గాలి హోరు తగ్గుతుంది గానీ ఆ చప్పుడు పోదు. కాబట్టి మాటలున్న సీన్లన్నీ పొద్దున్నే, గాలి లేచాక నడకలు, క్లోజప్పులు. ప్రతి చోటా ఒక నిమిషం ఎవరూ కదలకుండా ఖాళీ సౌండ్ రికార్డ్ చేస్తున్నాం, ఎడిటింగ్‌లో కట్‌కి కట్‌కి మధ్య అతుకు కనపడకుండా అదే కాపాడుతుంది.

ఇంకోటి ఎర్రమట్టి. ఎండ నేలకి కొట్టి మొహం మీద పడేసరికి గడ్డం కింద ఎర్రగా వస్తుంది. వైట్ బ్యాలెన్స్ (వెలుగుని బట్టి రంగులు సరిచేసే కెమెరా సెట్టింగ్) ఆటోలో పెడితే షాట్ షాట్‌కీ రంగు మారుతోంది, 5600 కెల్విన్ దగ్గర, అంటే పగటి వెలుగుకి, లాక్ చేసి, కాళ్ళ దగ్గర, ఫ్రేమ్‌కి కింద, తెల్ల థర్మాకోల్ షీట్ పరిచాం, చాలావరకు సెట్ అయింది. సెకనుకి 24 ఫ్రేములకి, కదలిక సహజంగా కనపడేలా షట్టర్ 1/50 సెకను ఉంచాలంటే, మధ్యాహ్నం ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్‌లోకి వెళ్ళే వెలుగు తగ్గించే నల్లద్దం) లేకుండా కుదరదు. లెన్స్ మార్చడం మాత్రం కారులో, అద్దాలెక్కించుకునే, ఆ దుమ్ము అలాంటిది.

సాయంత్రం వీడ్కోలు సీన్‌కి వెనకాల సముద్రం నారింజ రంగులో కావాలి. మనది తూర్పు తీరం, సూర్యుడు పొద్దున్నే సముద్రంలోంచి వస్తాడు, సాయంత్రం కొండల వెనక్కి పోతాడు. అందుకని ఆ సీన్ తెల్లారుజామున తీసి సాయంత్రం కింద చూపిస్తాం. పనికొచ్చే వెలుగు కాసేపే ఉంటుంది కాబట్టి ముందురోజే అక్కడ రిహార్సల్ చేసి, నిలబడే చోట రాళ్ళు పెట్టి రావాలి. వచ్చే ఆదివారం అదే ప్లాన్, మబ్బు పడితే తాత ఇంటి అరుగు సీన్ లాగించేస్తాం.