ఏకగ్రీవముగా: భీమిలి ఇసుకలో నేర్చుకున్న వచనం

మే నెల వచ్చిందంటే మన చర్చిల్లో వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిల్ తరగతులు) బ్యానర్లు, యూత్ క్యాంపుల రసీదు పుస్తకాలు మొదలవుతాయి. గాజువాకలో మా వీధి చివర కూడా నిన్న ఒక బ్యానర్ కట్టారు. అది చూసినప్పట్నుంచి ఒకే వచనం నా నోట్లో తిరుగుతోంది, బైబిల్లో పౌలు రోమా సంఘానికి రాసిన ఉత్తరంలోది, రోమా 15:7. "కాబట్టి క్రీస్తు మిమ్మును చేర్చుకొనిన ప్రకారము దేవునికి మహిమ కలుగునట్లు మీరును ఒకనినొకడు చేర్చుకొనుడి."

ఈ వచనం నేను నేర్చుకుంది చర్చిలో కాదు, సండే స్కూల్లో కాదు. భీమిలికి కాస్త ఇవతల, సరుగుడు తోట దాటాక వచ్చే ఇసుకలో కూర్చుని నేర్చుకున్నాను. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు.

నాకు నత్తి ఉంది. ఉండేది అనడం లేదు, ఇప్పటికీ ఉంది. క, ప, చ లాంటి అక్షరాలతో మాట మొదలైతే గొంతు పట్టేస్తుంది. చిన్నప్పుడు కొట్టుకెళ్లి కందిపప్పు తెమ్మంటే నోరు పెగిలేది కాదు, "అదిగో ఆ డబ్బాలోది" అని వేలు చూపించేదాన్ని. మాట రాకపోతే ఇంకో మాట వెతుక్కోవడం నత్తి ఉన్నవాళ్లలో చాలామందికి అలవాటే, కానీ బైబిల్ వచనంలో ఆ వీలు లేదు కదా, అందులో ఏ మాట ఉంటే అదే చెప్పాలి. అందుకే కంఠత వాక్యం అంటే నాకు ముందు రోజు నుంచే కడుపులో తిప్పేది.

మా అమ్మ నన్ను తీసుకెళ్లని స్వస్థత కూటం లేదు. ఒకచోట నాలుక మీద నూనె రాశారు, తల మీద చేతులుంచి చాలాసేపు ప్రార్థన చేశారు, తర్వాత మైకు నా నోటి దగ్గర పెట్టి "ఇప్పుడు స్తోత్రం అని చెప్పమ్మా" అన్నారు. స్... దగ్గరే ఆగిపోయాను. ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలీదు. "ఈ పాపకి విశ్వాసం చాలదు" అని అదే మైకులో అన్నారు. ఇంటికొచ్చేదాకా అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు, బస్సులో నా చెయ్యి మాత్రం వదల్లేదు. ఆ తర్వాత నేను ప్రార్థన మానేశాను. దేవుడు లేడని కాదు, ఉన్నాడు గానీ నా వైపు చూడడు అనుకున్నాను.

కాబట్టి ఆ వేసవిలో మా చర్చి అయ్యగారు (పాస్టర్) ఇంటికొచ్చి "క్యాంపుకి పంపండమ్మా, ఐదు రోజులే" అన్నప్పుడు నేను లోపల గదిలోంచి బయటికి రాలేదు. అమ్మే పేరు రాయించింది. కాంప్లెక్స్ దగ్గర బస్సు మారి, బీచ్ రోడ్డంతా కిటికీలోంచి సముద్రం చూస్తూ వెళ్లాను, రుషికొండ దాటేసరికి ఏడుపొచ్చింది.

క్యాంపు అంటే పెద్ద బిల్డింగులేం కాదు. రేకుల షెడ్డు, చాపలు, ఎవరి స్టీలు కంచం వాళ్లదే. ఉక్కపోతకి రాత్రిళ్లు అందరం అట్టముక్కలతో విసురుకునేవాళ్లం. ఒకరోజు పొద్దున్నే ఎర్రమట్టి దిబ్బల దాకా నడిపించి తీసుకెళ్లారు. నన్ను యూదా గ్రూపులో వేశారు. రోజూ రాత్రి మంట చుట్టూ కూర్చున్నాక ఒక్కో గ్రూపు లేచి ఆ రోజు వచనం ఒక్కొక్కరుగా చెప్పాలి, గ్రూపుకి మార్కులు. మొదటి రెండు రాత్రులూ తలనొప్పి అని చెప్పి షెడ్డులోనే పడుకున్నాను. మా గ్రూపులో విజయనగరం వైపు నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ఉండేది, నాకన్నా రెండేళ్లు పెద్ద, అందరం అప్పా అని పిలిచేవాళ్లం. రెండో రాత్రి నా పక్క చాప మీదకి వచ్చి "ఏటే, రోజూ తలనొప్పేటి నీకు?" అంది. అంతే అంది, ఇంకేం అడగలేదు.

మూడో రాత్రి తప్పించుకోవడం కుదరలేదు. సరుగుడు పుల్లల మంట, అందులో ఎండు కాయలు పేలుతున్న చప్పుడు, వెనకాల అలలు. నా వంతు వచ్చింది, లేచాను. కా... కా... కా... వచనంలో మొదటి అక్షరమే నాకు రాని అక్షరం. కాలి వేళ్లు ఇసుకలోకి దిగిపోతున్నాయి. ఎదురుగా కూర్చున్నవాళ్ల మొహాల్లో జాలి. ఎవరో ఒకరు నా మాట అందుకుని పూర్తి చేసేస్తారని భయం, నత్తి ఉన్నవాళ్లకి అంతకన్నా అవమానం ఇంకోటి లేదు, మీ ఇంట్లో ఎవరైనా ఉంటే దయచేసి అలా చెయ్యకండి.

అప్ప కూర్చున్నచోటు నుంచి లేవలేదు. నా వైపు చూడను కూడా లేదు, మంటనే చూస్తూ తనలో తను అనుకుంటున్నట్టు "కాబట్టి" అంది. నా కంటే ముందుకి పోలేదు, నా మాట లాక్కోలేదు. ఆ గొంతు పక్కన నా గొంతు కూడా బయటికొచ్చింది. "కాబట్టి క్రీస్తు మిమ్మును చేర్చుకొనిన ప్రకారము..." ఇద్దరం కలిసి వెళ్తున్నాం. చివర్లో చేర్చుకొనుడి దగ్గర మళ్లీ పట్టేసింది. అప్ప కూడా "చే" దగ్గరే ఆగిపోయింది. నేను కదిలేదాకా ఆగి, నాతో పాటే కదిలింది.

కూర్చున్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, పక్కమ్మాయి లేచి తన వంతు మొదలుపెట్టింది. నేనూ అందరిలాగే ఒక వచనం చెప్పి కూర్చున్నాను, అంతే. ఆ "అంతే" కోసం నేను ఎన్నాళ్లు ఎదురుచూశానో ఎవరికి చెప్పను!

పెద్దయ్యాక స్పీచ్ థెరపీకి వెళ్తే చెప్పారు, నత్తి ఉన్నవాళ్లు ఇంకొకరితో గొంతు కలిపి చదివితే చాలామందికి మాట సాఫీగా వస్తుందని, పాడేటప్పుడు కూడా అంతేనని. అయితే అది దేవుడు చేసింది కాదు కదా అని ఒకాయన నాతో వాదించాడు. గొంతుకి ఆ గుణం పెట్టింది ఎవరు మరి?

ఆ వచనానికి ముందు మాటలు ఒకసారి చూడండి. "మీరేకభావము గలవారై యేకగ్రీవముగా" దేవుణ్ణి మహిమపరచాలని పౌలు రాస్తాడు. ఏకగ్రీవం అంటే మనకి సర్పంచ్ ఎన్నికలే గుర్తొస్తాయి. గ్రీవం అంటే మెడ, గొంతు. గ్రీకులో ఆ చోట ఉన్నది "ఒకే నోటితో" అని. ఒకే గొంతుగా పలకమని చెప్పి, వెంటనే కాబట్టి ఒకరినొకరు చేర్చుకోండి అంటున్నాడు. నేను నిలబడి తడబడిన "కాబట్టి" అదే.

ఆ ఉత్తరం రాసింది రోమాలో ఉన్న సంఘానికి. మాంసం తినేవాళ్లూ, కూరగాయలే తినేవాళ్లూ ఒకరినొకరు తప్పుపడుతున్న చోటు అది. 14వ అధ్యాయం మొదట్లోనే "విశ్వాసము విషయమై బలహీనుడైనవానిని చేర్చుకొనుడి" అని ఉంది. విశ్వాసం చాలని వాళ్లని ఏం చెయ్యాలో స్పష్టంగానే ఉంది కదా! ఆ మైకు పట్టుకున్నవాళ్లు ఈ ఒక్క వాక్యం చదివి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. క్రీస్తు మనల్ని బాగుచేసి చేర్చుకోలేదు, ఉన్నవాళ్లని ఉన్నట్టే చేర్చుకున్నాడు.

ఇదే మాట అపొస్తలుల కార్యములు 28లో ఇంకోచోట దొరుకుతుంది. పౌలు ఎక్కిన ఓడ బద్దలై 276 మంది తడిసి ముద్దై మెలితే ద్వీపం ఒడ్డుకి చేరతారు. వాన, చలి. ఆ ద్వీపవాళ్లు "నిప్పురాజబెట్టి మమ్మును అందరిని చేర్చుకొనిరి". సముద్రం ఒడ్డున మంట వేసి దగ్గరికి తీసుకోవడం. ఇది చదివిన ప్రతిసారీ నాకు సరుగుడు కాయలు పేలిన చప్పుడు వినిపిస్తుంది.

ఇంకొక్క మాట, విశాఖవాళ్లకి తెలియాల్సింది. 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు మిషనరీలు మన ఊరికి వచ్చారు. తెలుగు ఒక్క ముక్క రానివాళ్లు. ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తల్ని తెలుగు చెయ్యడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోయారు, ఆ పుస్తకాలు 1812లో బెంగాల్లోని సేరంపూర్‌లో అచ్చయ్యాయి. మన అక్షరాలు నోరు తిరగక వాళ్లు ఎన్నిసార్లు ఆగిపోయి ఉంటారో, పక్కన కూర్చుని కలిపి పలికినవాళ్లు ఎంత ఓర్చుకుని ఉంటారో!

ఆ మూడో రాత్రి చాప మీద పడుకుని చాలాకాలం తర్వాత ప్రార్థన చేశాను. మొదటిసారిగా నత్తి పోవాలని అడగలేదు. ఏం అడిగానో కూడా గుర్తు లేదు, మాటలు పెద్దగా లేవు. నన్ను చూస్తున్నాడని మాత్రం తెలిసింది.

నిన్న బ్యానర్ చూశాక అప్పకి ఫోన్ చేశాను. ఇప్పుడు తనకి ఇద్దరు పిల్లలు. ఆ రాత్రి నాతో కలిసి వచనం చెప్పాలని నీకెలా తోచింది అప్పా అని అడిగాను, ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు. కాసేపు ఆగి, "నిజం చెప్పేయనా? ఆ వచనం నాకు సగం రాదే. నీ తర్వాతి తర్వాత నా వంతు. నీతో కలిపి చెప్పుకుంటే గుర్తుంటాదని చెప్పాను" అంది.

ఫోన్ పెట్టేసి బైబిల్ తీశాను. ఒకనినొకడు అన్న మాట దగ్గర చాలాసేపు ఉండిపోయాను.