బహిర్ దార్‌లో వీడ్కోలు భోజనం

వాలంటీర్ పని ముగించుకుని ఇథియోపియా నుంచి బయల్దేరేటప్పుడు నాకు వీడ్కోలు రెండుసార్లు జరిగింది. ఆఫీసులో ప్రసంగాలు, సర్టిఫికెట్, కూల్‌డ్రింకు, గ్రూప్ ఫొటో. దాని గురించి చెప్పడానికేం లేదు. అసలుది ఇంటి దగ్గర.

బహిర్ దార్‌లో, తానా సరస్సుకి కాస్త ఇవతల అద్దెకుండేవాణ్ని. వెళ్లిపోతున్నానని చెప్పగానే ఇంటావిడ లెక్కలేసుకుంది. బుధ, శుక్రవారాలు అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులకి ఉపవాసం. మాంసం, గుడ్లు, పాలు ముట్టరు. ఆ రోజుల్లో వండే ఎర్రపప్పు, శనగపిండి షిరో నాకు ప్రాణం. కానీ వెళ్లేవాణ్ని కోడికూర పెట్టకుండా పంపితే పరువేం కావాలి? గురువారం ఖాయమైంది.

దోరో వాత్ అనే ఆ కోడికూర వంట పొద్దున్నే మొదలైంది. గంపెడు ఉల్లిపాయలు సన్నగా తరిగి, చుక్క నూనె వేయకుండా సన్నసెగ మీద గంటల తరబడి కలుపుతూనే ఉన్నారు. ఉల్లి ముద్దయ్యాకే మసాలా నెయ్యి, బెర్బెరే కారం, కోడిముక్కలు. చివర్లో ఉడికించిన గుడ్లు. ఇంజెరా అనే అట్ల కోసం టెఫ్ అనే చిరుధాన్యం పిండి ముందే పులియబెట్టి ఉంచారు. మన దోసెల పిండిలాగే పులుపు, కాకపోతే ఒకవైపే కాలుస్తారు, తిరగేయరు.

అందరికీ ఒకటే పళ్లెం. ఇంజెరా తుంచి, కూర చుట్టి, పక్కవాళ్లే మన నోట్లో పెడతారు. దాన్ని గుర్షా అంటారు. వద్దంటే నొచ్చుకుంటారు. మొదట మా ఆఫీసు వాచ్‌మన్ పెట్టాడు, తర్వాత ఆఫీసరుగారు. పొట్ట పగిలిపోతోందన్నా వినేవాడు లేడు!

తర్వాత కాఫీ. నేల మీద పచ్చగడ్డి పరిచి, సాంబ్రాణి వేసి, పచ్చి గింజలు మన ఎదుటే వేయించి, దంచి, జెబెనా కూజాలో కాస్తారు. పక్కన పాప్‌కార్న్. మూడు విడతలు పోస్తారు: అబోల్, తోనా, బరకా. మూడోది ఆశీర్వాదం, తాగకుండా లేవకూడదు.

రెండో కప్పు దగ్గర ఇంటావిడ అడిగింది, "నీ బదులు ఎవరొస్తున్నారు?" అని. ఎవరూ రావట్లేదు, ప్రాజెక్టు డబ్బు అయిపోయింది. ఆసుపత్రి రికార్డులు కంప్యూటర్‌లో ఎక్కించడం నేను నేర్పిన ఇద్దరి పేర్లు చెప్పాను. ఇద్దరూ అక్కడే కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఒకతను అప్పటికే అడిస్ అబాబాలో వేరే ఉద్యోగానికి అప్లై చేసుకున్నాడు. జీతం ఎక్కువ, తప్పు పట్టడానికీ లేదు.