జెండా ఎత్తింది నేనే

ఆదివారం, రాత్రి పదిన్నర. అనంతపురం.

పొద్దున గ్రౌండు పక్కన బండి దగ్గర ఉగ్గాని, దాంతోపాటు నాలుగు బజ్జీలు లాగించాను. అంతలో పిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్‌కు లైన్‌మన్, అంటే గీత పక్కన నిలబడి జెండా ఎత్తేవాడు, రాలేదని నన్ను పిలిచారు. జెండా అంటే కట్టెకు చుట్టిన ఎర్ర టవలు ముక్క. సున్నం గీత సగం గాలికే పోయింది.

రెండో సగంలో పదో నంబరు పిల్లోడు బంతి అందుకొని గోల్ కొట్టాడు. పాస్ వచ్చేటప్పుడే వాడు చివరి డిఫెండరును దాటి ఉన్నాడని, అంటే ఆఫ్‌సైడ్ అని నేను జెండా ఎత్తాను. రిఫరీ విజిల్ ఊదాడు, గోల్ ఇవ్వలేదు. "సార్, లైన్లోనే ఉన్నా సార్!" అని వాడు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. పొమ్మన్నాను. వాడి జట్టు 1-0తో ఓడిపోయింది.

మ్యాచ్ అయ్యాక ఎవరో పిల్లోడి నాన్న ఫోన్ నా ముందు పెట్టి, "ఒకసారి చూడు సార్" అన్నాడు. పాస్ ఇచ్చినోడి కాలు బంతిని తాకే చోట ఆపి చూపించాడు. పదో నంబరు పిల్లోడు, చివరి డిఫెండరు ఒకే వరసలో ఉన్నారు. వరసలో ఉంటే ఆఫ్‌సైడ్ కాదు. నేను కూడా ఆ డిఫెండరుకు సరిగ్గా ఎదురుగా ఉండాలి, కానీ రెండడుగులు వెనకబడ్డాను. పిల్లోడు నా వైపు, డిఫెండరు ఆవలి వైపు. ఏటవాలుగా చూస్తే దగ్గరున్నవాడే ముందున్నట్టు కనిపిస్తాడు. అంతా బజ్జీల పుణ్యం.

"ఫోన్ చూసి తీర్పు మార్చరన్నా" అని బండెక్కి వచ్చేశాను. రూలు ప్రకారం నేనన్నది నిజమే. అయినా మధ్యాహ్నం కునుకు పట్టలేదు.

2023 సెప్టెంబరు 30న ఇంగ్లండు జట్లు టాటెన్‌హామ్, లివర్‌పూల్ మ్యాచ్‌లో జరిగింది గుర్తొచ్చింది. లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ గోల్‌కు లైన్‌మన్ జెండా ఎత్తాడు. వీఏఆర్ గదిలో, అంటే వీడియో చూసి రిఫరీకి సాయం చేసేవాళ్ళ గదిలో, గీతలు గీసి చూస్తే ఆఫ్‌సైడ్ కాదు. కానీ గ్రౌండులో గోల్ ఇచ్చేశారనుకొని, వీడియో రిఫరీ 'చెక్ అయిపోయింది' అనేశాడు. ఆట మళ్ళీ మొదలైంది. తప్పు తెలిసేసరికి ఇక వెనక్కి పోవడానికి లేదు. లివర్‌పూల్ 2-1తో ఓడింది. ఆ గదిలోని మాటల రికార్డింగును మూడు రోజుల తర్వాత బయటపెట్టారు. అది విని అప్పట్లో నేను పగలబడి నవ్వాను, అన్ని తెరలు పెట్టుకొని ఇదేం పని అని. ఇప్పుడు నవ్వు రావట్లేదు. వాళ్ళ కంగారు లోకమంతా వింది. నా మాట మాత్రం బండి చప్పుడులో కలిసిపోయింది.

అదే ఏడాది మార్చిలో బెంగళూరులో, ఆ ఊరి జట్టు ఆటగాడు సునీల్ ఛెత్రి ఫ్రీకిక్ గోల్‌పై గొడవపడి కేరళ జట్టు గ్రౌండు వదిలిపోయింది. అక్కడ వీడియో రిఫరీయే లేడు. నాలుగు కోట్ల జరిమానా జట్టుకే పడింది. మన పిల్లోడు పాపం, గ్రౌండు కూడా వదల్లేదు. చివరిదాకా ఆడాడు.

సాయంత్రం మళ్ళీ గ్రౌండుకు పోయాను. వాడు గోడకు బంతి కొట్టుకుంటున్నాడు. "రేయ్, పొద్దున అది ఆఫ్‌సైడ్ కాదురా, తప్పు నాదే" అన్నాను.

బంతిని కాలికింద ఆపి, "నేనప్పుడే చెప్తి గదా సార్" అన్నాడు.