పొదలకూరు కంప్యూటర్: కరెంటు పోయినప్పుడల్లా తిరిగివచ్చిన ప్రోగ్రాం

పొదలకూరు కంప్యూటర్‌లో యజమానికి తెలియకుండా క్రిప్టో కరెన్సీ తవ్వే ప్రోగ్రాం (మైనర్) ఎక్కడ దాక్కుందో దొరికింది! విండోస్‌తో పాటు ప్రోగ్రాంలు లేచే రన్ కీలు, స్టార్టప్ ఫోల్డర్, సర్వీసులు, టాస్క్ షెడ్యూలర్ అన్నీ జల్లెడ పట్టాక, అది డబ్ల్యుఎంఐలో (ఫలానాది జరిగితే ఫలానా ఆదేశం నడిపేలా కూడా అమర్చుకోగల విండోస్ నిర్వహణ విభాగం) తిష్ఠ వేసిందని తేలింది. నిన్న రాత్రి పీకేశాను. ఇవాళ పొద్దున కావాలనే ప్లగ్ లాగి మళ్ళీ పెట్టి పది నిమిషాలు చూశాను. ప్రాసెసర్ 42 డిగ్రీలు దాటలేదు.

బ్రౌజర్‌లో ఉన్న యాడ్‌వేర్ (ప్రకటనలు గుప్పించే ప్రోగ్రాం) సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను: ఆడ్‌డబ్ల్యుక్లీనర్ ఒక్క స్కాన్‌లో ఊడ్చేసింది. అసలు కథ రెండో దానిది.

కంప్యూటర్ మా బాబాయిది. పొదలకూరు నిమ్మకాయల మార్కెట్ లెక్కలన్నీ అందులోనే ఉంటాయి. ఐ5-7400, 8 జీబీ ర్యామ్, విండోస్ 10. ఎవరూ ముట్టుకోనప్పుడు ఫ్యాన్ హోరెత్తుతుంది, టాస్క్ మేనేజర్ తెరిస్తే రెండు సెకన్లలో సద్దుమణుగుతుంది. ఈ రకం మైనర్లు చాలావరకు టాస్క్ మేనేజర్ పేరు చూసే దాక్కుంటాయి. అందుకని అదే పనిని ఇంకా వివరంగా చేసే ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ ఫైలు పేరు ‘నిమ్మ’ అని మార్చి తెరిచాను. దొంగ బయటపడింది. పేరేమో విండోస్ సొంత ప్రోగ్రాం ఎస్‌వీసీహోస్ట్‌ది, ఉన్నదేమో ప్రోగ్రామ్‌డేటా ఫోల్డర్‌లో. అసలైనది సిస్టమ్32లో ఉండాలి, దాని పేరెంట్ (దాన్ని లేపిన ప్రోగ్రాం) సర్వీసెస్ కావాలి. దీనికి తయారీదారు డిజిటల్ సంతకం లేదు, పేరెంట్ లేదు.

ప్రాసెసర్ వాడకం కచ్చితంగా 75 శాతం దగ్గర ఆగింది, మెమరీ 2.3 జీబీ, వేడి 78 డిగ్రీలు. ఈ అంకెలు చూడగానే మొనేరో అనే క్రిప్టో కరెన్సీ తవ్వే మైనర్ అని అర్థమైపోయింది. 2019 నవంబరు నుంచి మొనేరో వాడుతున్న రాండమ్‌ఎక్స్ తవ్వకం పద్ధతిలో ఒక్కో థ్రెడ్‌కు (పక్కపక్కన సాగే లెక్కల్లో ఒక్కోదానికి) 2 ఎంబీ క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే వేగమైన మెమరీ) కావాలి. ఈ ప్రాసెసర్‌లో ఎల్3 క్యాష్ 6 ఎంబీ. అంటే మూడు థ్రెడ్లు, నాలుగు కోర్లలో మూడు, 75 శాతం. పూర్తి వేగంతో నడవాలంటే ర్యామ్‌లో డేటాసెట్‌కు 2,080 ఎంబీ, దాని క్యాష్‌కు (ఇది ప్రాసెసర్‌లోది కాదు) 256 ఎంబీ పడుతుంది. కూడితే 2.3 జీబీ.

చంపడం, ఫైలు తీసేయడం సులువే. తిరిగి రాకుండా చేయడమే గగనమైంది. తీసేసిన రోజున రాదు. మర్నాడు కంప్యూటర్ వేసినా రాదు. ‘పోయింది బాబాయ్’ అని నేను ధీమాగా చెప్పాక, ఏదో ఒక మధ్యాహ్నం ఫోను: ‘అబ్బాయ్, కరెంటు పోయి వచ్చింది. మళ్ళీ గోల పెడుతోంది.’ యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది కాబట్టి కరెంటుతో పాటే కంప్యూటరూ పోతుంది. ఓల్టేజీ తేడా అని ఆయన నమ్మకం. రిపేరు షాపులో ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా) మార్చమన్నారట. వద్దని ఆపాను.

మొదటి అనుమానం కాపలా ప్రాసెస్ ఇంకొకటి ఉందేమోనని. ఉంటే తీసేసిన వెంటనే రావాలి కదా, రాలేదు. రెండోది దాచిన షెడ్యూల్ టాస్క్. 2022లో మైక్రోసాఫ్ట్ బయటపెట్టిన టారాస్క్ అనే మాల్‌వేర్ ఈ పనే చేసేది. రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగుల గిడ్డంగి) టాస్క్‌కు ఉండే ఎస్‌డీ విలువను (ఎవరు చూడొచ్చో చెప్పేది) చెరిపేస్తే షెడ్యూలర్ జాబితాలో ఆ టాస్క్ కనబడదు. రిజిస్ట్రీలో టాస్క్‌లుండే టాస్క్‌క్యాష్ కింద ట్రీ మొత్తం చూశాను, ప్రతిదానికీ ఎస్‌డీ ఉంది. ఇంట్లో వేరే కంప్యూటర్ లేదు కనుక పక్కదాని నుంచి అంటుకుందనడానికీ వీల్లేదు.

అప్పుడు కాలం లెక్క మొదలుపెట్టాను. ఫైలు పుట్టిన సమయంలోంచి, విండోస్ లాగ్ చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టం మొదలైన సమయాన్ని తీసేశాను. 4 నిమిషాల 9 సెకన్లు. తర్వాత 4:52. తర్వాత 4:31. నాలుగుకు ముందు ఎప్పుడూ రాలేదు, అయిదు దాటి ఎప్పుడూ రాలేదు. అదే లాగ్‌లో కెర్నెల్-బూట్ కింద ఈవెంట్ 27 చూస్తే బూట్ రకం ఉంటుంది: 0 అంటే పూర్తి బూట్, 1 అంటే ఫాస్ట్ స్టార్టప్. మైనర్ వచ్చిన ప్రతిసారీ రకం 0. షట్‌డౌన్ చేసి మర్నాడు వేసినప్పుడల్లా రకం 1.

ఇక్కడ చిక్కు వీడింది. ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్‌డౌన్ నిజమైన షట్‌డౌన్ కాదు. కెర్నెల్‌ను (విండోస్ మూల భాగం) డిస్క్‌లో నిద్రపుచ్చుతుంది, అప్‌టైమ్ (సిస్టం లేచి ఎంతసేపైందన్న లెక్క) సున్నా కాదు. రీస్టార్ట్ చేసినా, నడుస్తుండగా కరెంటు పోయినా సున్నా అవుతుంది. ఈ దొంగ చూస్తున్నది అప్‌టైమ్‌నే. ఏ కంప్యూటర్‌ను బాగు చేయడానికి కూర్చున్నా ముందు ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. నా దృష్టిలో డెస్క్‌టాప్‌కు అది బొత్తిగా అక్కరలేని సౌకర్యం.

ఏ ప్రోగ్రాం ఏం చేస్తోందో రాసిపెట్టే ప్రాసెస్ మానిటర్‌లో బూట్ లాగింగ్ పెట్టి రీస్టార్ట్ చేశాను. పవర్‌షెల్ (విండోస్‌లో ఆదేశాలు నడిపే ప్రోగ్రాం) లేచింది, దాని పేరెంట్ డబ్ల్యుఎంఐ ప్రొవైడర్ హోస్ట్! ఒక బూట్‌లో అయితే నిమిషం తేడాతో రెండుసార్లు లేచింది. డబ్ల్యుఎంఐలో రూట్ కింద సబ్‌స్క్రిప్షన్ నేమ్‌స్పేస్ (విభాగం) తెరిస్తే ఫిల్టర్ (ఎప్పుడు లేవాలో చెప్పే షరతు) కనబడింది: ప్రతి 60 సెకన్లకు ఒకసారి చూడు, అప్‌టైమ్ 240 సెకన్లకు తక్కువ కాకుండా, 325 లోపు ఉంటే కన్స్యూమర్‌ను (అప్పుడు చేయాల్సిన పనిని) లేపు. కిటికీ 85 సెకన్లు, చూపు 60 సెకన్లకోసారి. కాబట్టి ఒక్కసారైనా తగలక తప్పదు, ఒక్కోసారి రెండుసార్లు తగులుతుంది. ఆ కన్స్యూమర్‌లో ఉన్నది బేస్64 అనే కోడ్‌లో చుట్టిన పవర్‌షెల్ ఆదేశం. విప్పితే మూడు పనులు: ప్రోగ్రామ్‌డేటాను విండోస్ యాంటీవైరస్ డిఫెండర్ మినహాయింపుల్లో చేర్చడం, నెట్ నుంచి ఫైలు దించడం, నడపడం. ల్యాన్ కేబుల్ పీకి బూట్ చేస్తే పవర్‌షెల్ లేచింది, ఫైలు మాత్రం పుట్టలేదు. డిఫెండర్ ఇన్నాళ్లూ నోరెత్తకపోవడానికి కారణం ఆ మినహాయింపే. పాపం దాన్ని తిట్టుకోనక్కర లేదు.

తీసేటప్పుడు ముందు బైండింగ్ (ఫిల్టర్‌ను కన్స్యూమర్‌కు కట్టే ముడి), తర్వాత కన్స్యూమర్, చివర ఫిల్టర్. అక్కడే ఎస్‌సీఎం ఈవెంట్ లాగ్ పేరుతో ఉండే జత విండోస్ సొంతం, దాని జోలికి పోవద్దు. తర్వాత మినహాయింపు తీసేసి డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడిపాను. తమంతట తామే లేచే ప్రోగ్రాంలన్నీ చూపించే ఆటోరన్స్‌లో డబ్ల్యుఎంఐకి విడిగా టాబ్ ఉంది. మామూలుగా ఖాళీగా ఉంటుందని ఎవరూ తొంగి చూడరు. ఇకమీదట నేను మొదలుపెట్టేది అక్కడి నుంచే. రిజిస్ట్రీ క్లీనర్లు, వేగం పెంచుతామనే డబ్బుల సాఫ్ట్‌వేర్లు ఈ పనికి ఎందుకూ కొరగావు.

ఎలా వచ్చిందంటే, ఇంట్లో పెళ్ళి పత్రిక అచ్చుకు ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన క్రాక్ చేసిన తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ మీదే నా అనుమానం. ‘ఎక్కించే ముందు యాంటీవైరస్ ఆపండి’ అని దానితోపాటు చీటీ ఫైలు కూడా ఉంది. ఎంత మర్యాదో! దాన్నీ, దించిన ఫైలునీ పాస్‌వర్డ్ జిప్‌లో దాచాను, వర్చువల్ మెషీన్‌లో విప్పి చూడాలి. టాస్క్ మేనేజర్‌తో పాటు ఇంకే పేర్లకు భయపడుతుందో తెలుసుకోవాలని ఉంది.

బ్యాంకు పాస్‌వర్డ్లు బాబాయి చేత ఫోనులోంచి మార్పించాను. అయినా ఒకసారి అడ్మిన్ హక్కులు దొంగ చేతికి పోయిన విండోస్‌ను నమ్మను. పైగా విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఈ ఏడో తరం ప్రాసెసర్‌కు విండోస్ 11 అధికారికంగా రాదు. 240 జీబీ ఎస్‌ఎస్‌డీ కొని విండోస్ బదులు లినక్స్ మింట్ వేసి, తెలుగు టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టి, లెక్కలను లిబ్రే ఆఫీస్‌లోకి మార్చాలని నా ఆలోచన. బాబాయి ‘సీజన్ అయ్యాక చూద్దాం’ అంటున్నారు. ఈలోపు యూపీఎస్‌కు 12 ఓల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ తేవాలి. పాత ఎక్సెల్ ఫైళ్లలో మాక్రోలు ఉన్నాయేమో ముందే చూడాలి, అవి లిబ్రేలో సరిగ్గా నడవకపోతే ఆయన నన్ను మార్కెట్ గుమ్మం తొక్కనివ్వరు.