కాలరు లోపలి చీటీ

పాత చొక్కా మడతపెడుతుంటే కాలరు లోపల చిన్న చీటీ కనిపించింది: ‘మారిషస్‌లో తయారైనది’. ఉతికి ఉతికి అక్షరాలు సగం చెరిగిపోయాయి. చెరకు తప్ప చెప్పుకోదగ్గ పంట లేని ద్వీపం ప్రపంచానికి చొక్కాలు ఎలా అమ్మింది? ఆ ప్రశ్న రెండు రాత్రులు నన్ను పడుకోనివ్వలేదు.

1960ల మొదట్లో ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ ఆ దేశ భవిష్యత్తుపై దాదాపు ఆశ వదులుకున్నారు. ఆయనకు 1977లో నోబెల్ వచ్చింది. జోస్యం మాత్రం ఫలించలేదు. (ఈ మాట కొంచెం సంతోషంగానే రాస్తున్నాను.)

1968లో స్వాతంత్ర్యం వచ్చింది. 1970లో ఎగుమతుల జోన్ చట్టం చేశారు. అందులోని ఒక తెలివి నాకు భలే నచ్చింది: జోన్ అంటే ప్రహరీ కట్టిన స్థలం కాదు. ద్వీపంలో ఎక్కడ ఫ్యాక్టరీ పెట్టినా సరే, సరుకు ఎగుమతి చేస్తే ముడిసరుకుపై దిగుమతి సుంకం ఉండదు, పన్ను రాయితీ కూడా దొరుకుతుంది. దాంతో కుట్టుమిషన్లే పల్లెలను వెతుక్కుంటూ వెళ్లాయి. అంతవరకు ఇంటిపట్టున ఉన్న ఆడవాళ్లు వేల సంఖ్యలో జీతాలు అందుకున్నారు. 1975లో యూరప్ దేశాలు ఆఫ్రికా, కరీబియన్, పసిఫిక్ దేశాలతో చేసుకున్న లోమే వాణిజ్య ఒప్పందంతో చక్కెరకు యూరప్‌లో మంచి ధర పలికింది. ఆ లాభాల్లో కొంత ఈ ఫ్యాక్టరీల్లోకే మళ్లింది.

గొప్పంతా చట్టానిదే అనను. జోన్‌లో ఆడవాళ్ల కనీస వేతనం చాలాకాలం మగవాళ్ల కంటే తక్కువే. ఏ దేశం నుంచి ఎన్ని బట్టలు దిగుమతి చేసుకోవాలో సంపన్న దేశాలు పెట్టుకున్న పరిమితులు, అంటే వస్త్ర కోటాలు, 2005లో ముగిసే నాటికి చాలా ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. నా చొక్కా కుట్టినది వాటిలో ఒకటేమో.