మాల్ పార్కింగ్ చీటీ, షాపు బిల్లు: రెండూ దాచుకోండి

హైదరాబాద్‌లో మాల్ సెల్లార్‌లో బండి పెట్టి అరగంటలోపు బయటికొస్తే రూపాయి కూడా కట్టక్కర్లేదు, ఏమీ కొనకపోయినా సరే. 2018 మార్చిలో వచ్చిన జీవో 63 చెప్పేది ఇదే. అయినా గేటు దగ్గర ఇరవయ్యో ముప్పయ్యో అడగ్గానే జేబులో చెయ్యి పెట్టేవాళ్లే ఎక్కువ.

మిగతా లెక్కా తేలికే. అరగంట దాటి గంటలోపైతే ఆ మాల్‌లో ఏదైనా కొన్న బిల్లు చూపిస్తే చాలు, ఎంతకి కొన్నారన్నది అక్కర్లేదు. గంట దాటితే మాత్రం బిల్లు మొత్తం పార్కింగ్ ఫీజు కంటే ఎక్కువ ఉండాలి. ఫీజు 60 రూపాయలైందనుకోండి, 20 రూపాయల నీళ్ల బాటిల్ బిల్లు పనికిరాదు, 180 రూపాయల కాఫీ బిల్లు పనికొస్తుంది. సినిమా టికెట్ కూడా చెల్లుతుంది. ఆంధ్రాలోనూ 2025 ఏప్రిల్ నుంచి ఇంచుమించు ఇదే పద్ధతి.

మాల్‌కి అనుమతి ఇచ్చేటప్పుడే ఇన్ని బండ్లకి చోటు చూపాలన్న షరతు ఉంటుంది. గేటు దగ్గర ఫీజు గుంజితే ఆ బండ్లన్నీ బయట రోడ్డు పక్కకే చేరతాయి. అప్పుడు ఇబ్బంది మాల్‌కి రానివాళ్లది, బస్సు కోసం నిలబడ్డవాళ్లది.

ఎక్కువమంది దెబ్బతినేది టైము దగ్గర. గేటులో చీటీ మీద పడ్డ టైము నుంచి బయటి బూమ్ (బండిని ఆపే అడ్డకర్ర) దగ్గర స్కాన్ చేసేదాకా లెక్కే. ఆదివారం సాయంత్రం మూడో సెల్లార్ నుంచి ర్యాంపు మీద క్యూలో పైకి రావడానికే పావుగంట పట్టొచ్చు. అరగంటలో తేలాలంటే పావుగంటకల్లా లిఫ్ట్ దగ్గరుండాలి. ఒక్క వస్తువు తెచ్చుకునే పనైతే మొదటి సెల్లార్‌లోనే, ర్యాంపుకి దగ్గర్లో పెట్టండి.

తర్వాతది బిల్లు. చాలా షాపులు కాగితం ఇవ్వకుండా ఫోన్‌కి లింక్ పంపేస్తున్నాయి. కింద సిగ్నల్ అందదు. బూమ్ దగ్గర లింక్ తెరుచుకోక చక్రం తిరుగుతూనే ఉంటుంది, వెనక నాలుగు బండ్లు హారన్ కొడుతుంటాయి, విసిగిపోయి కట్టేస్తారు. పైనుండగానే స్క్రీన్‌షాట్ తీసుకోండి, అందులో తేదీ, షాపు పేరు, మొత్తం మూడూ కనపడాలి. ఫుడ్‌కోర్టులో కార్డు రీఛార్జి చీటీ వేరు, తిన్నదాని బిల్లు వేరు. దాచాల్సింది రెండోదాన్ని. పార్కింగ్ చీటీకీ చేతికందిన వెంటనే ఫోటో తీయండి, ఆ కాగితం మీద అక్షరాలు చెమటకే చెరిగిపోతాయి.

లోపలికెళ్లేటప్పుడే డబ్బు తీసుకోవడం మాత్రం అసలు తప్పు. ఎంతసేపుంటారో తెలియకుండా ఫీజు ఎలా తేలుస్తారు? టైము ఉన్న చీటీ అడిగి తీసుకోండి, వెళ్లేటప్పుడు బిల్లు చూపించి డబ్బు వెనక్కి అడగండి. ఫాస్టాగ్‌తో నడిచేచోట బూమ్ లేచేలోపే డబ్బు కోసేస్తుంది, అందుకే కిందికి దిగకముందే బిల్లు ఎక్కడ చూపించాలో కనుక్కోండి.

జీవో ప్రకారం డబ్బు తీసుకుంటే చీటీ మీద 'పెయిడ్' అని, వదిలేస్తే 'ఎగ్జెంప్టెడ్' అని ముద్ర ఉండాలి. గేటులో ఉండే కుర్రాడు కాంట్రాక్టరు మనిషి, అతనితో గొడవ పడకుండా మేనేజర్ని పిలవమనండి. కట్టక తప్పకపోతే ముద్ర వేయించుకుని కట్టండి. ఆ చీటీ, బిల్లు ఫోటోలతో జీహెచ్‌ఎంసీ 040-21111111కి గానీ, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి గానీ ఫిర్యాదు చేయొచ్చు.